బాతు వెన్న

ఎల్మ్ వాగు, ఇండియానా
1839 జులై 21

ప్రియమైన నా చెల్లి దొర్కాకు,

నీ ఉత్తరం నిన్న అందింది. వేసవి వచ్చినా ఆల్మీరా దగ్గు తగ్గలేదని చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. వాళ్ళ నాన్నను తీసుకుపోయిన జబ్బే తొమ్మిదేళ్ళ పిల్లకూ పట్టుకుంటుందేమోనని నీ భయం. నువ్వు రాయలేదు కానీ నీ అక్షరాలు వణకడం చూశాను. రోజూ రెండు పూటలా దాని పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నాను.

మీ బావకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఎక్కడో తెలుసా? పందుల దొడ్డి దగ్గర. ఆయన మగ పందిపిల్లలకు విత్తులు కోస్తున్నారు. చేతిలో ఉన్నది, పొద్దున హార్లన్ గారి ముసలామెకు వీపు మీద సెగగడ్డ కోసిన కత్తి. మధ్యలో కడిగారా అని అడిగాను. "తుడిచాను కదే" అన్నారు. దేనితో తుడిచారో తర్వాత తెలిసింది. నేను రొట్టె పిండి మీద కప్పే గుడ్డతో. ఇరవై ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను. వైద్యం ఎక్కడ ఆగుతుందో, వ్యవసాయం ఎక్కడ మొదలవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. కిటికీలో నా పులిసిన పిండి గిన్నె పక్కనే ఆయన జలగల సీసా ఉంటుంది. పోయిన నెల ఒక జలగ సీసా దాటి గిన్నెలోకి వచ్చింది. ఇంకేమీ రాయను. దేవుడు నన్ను క్షమించాలి, భర్త చేసే పని మీద రోత పడకూడదు. కానీ రోతగానే ఉంటుంది.

ఆయన నీ ఉత్తరం విని, "పిల్లను తీసుకు రమ్మను. మందులేం అక్కర్లేదు. మన ఆవుల పాలు, మన వెన్న. ఒక్క చలికాలం తిందంటే ఇదిగో, ఇలా తయారవుతుంది" అని చేతిలో గింజుకుంటున్న పందిపిల్లను ఎత్తి చూపించారు.

మన వెన్నకు ఇక్కడ మంచి పేరే ఉంది. అమ్మ నాకిచ్చిపోయిన చెక్క అచ్చు వేయనిదే ఒక్క ముద్ద కూడా గడప దాటనివ్వను. నాన్న ఆ చెక్క మీద చెక్కిన పావురాన్ని చూసి పిల్లలందరూ "బాతు వెన్న వచ్చింది" అంటారు. చిన్నప్పుడు నువ్వు అన్నట్టే.

ఈ ఏడు వానలు లేవు. పచ్చిక మాడి గోధుమ రంగుకు తిరిగింది. ఆవులు వాటంతట అవే వాగు పక్క అడవి లోయలోకి, నీడలోకి పోతున్నాయి. సాయంత్రం మెడగంటలు విని వెతుక్కుని తోలుకు రావాలి.

ఇక ఒక అసహ్యమైన సంగతి. మా పొరుగు ఆమోసు కాబ్ ఎద్దు పోయిన వారం చాళ్ళ మధ్యలో వణికి వణికి కూలిపోయింది. ఆ వణుకు ఏమిటో ఈ దేశంలో అందరికీ తెలుసు. పాల జబ్బు. పశువు వణుకుతుంది, ఆ మంద పాలు తాగిన మనిషి కక్కి కక్కి చస్తాడు. మంచులోంచి వస్తుందో, మట్టిలోంచి వస్తుందో డాక్టర్లకే తెలియదు. కానీ ఆ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. భూములు చూసుకోవడానికి వచ్చినాయన ఒకరు మొన్న మా వాకిట్లోనే చెవిటి హార్లన్ గారి చెవిలో అరిచి అడిగాడు. "మీ దగ్గర పాల జబ్బు ఉందాండీ?" "అబ్బే, మా దగ్గర లేదండీ. వాగవతల ఉందంటారు." ఆయన వాగవతలికి వెళ్ళాడు. అక్కడివాళ్ళు "మా దగ్గరెందుకుంటుందండీ? గట్టవతల" అన్నారట. పాపం ఆ పెద్దమనిషి గట్లు దాటుకుంటూ ఈపాటికి ఇల్లినాయి చేరి ఉంటాడు.

ఎల్మ్ వాగు దగ్గర ఆ జబ్బు లేదని మీ బావ పత్రికకు సంతకం పెట్టి రాసిచ్చారు. ఆ మాట నమ్మి మూడు కుటుంబాలు వచ్చి దిగాయి. కాబ్ ఏం చేశాడంటే, ఎద్దును గుట్టుగా పాతిపెట్టి పైన గడ్డి పరిచాడు. ఆదివారం గుడిలో నా ముందు వరసలోనే కూర్చుని పాడాడు. ఆ మెడ చూస్తూ పాటల పుస్తకం మూసేశాను.

ఎప్పుడు వస్తావో రాయి.

నీ కోసం ఎదురుచూసే అక్క,
తిర్సా ప్రూయిట్

*

మారియెట్టా, ఒహాయో
ఆగస్టు 9

ప్రియాతి ప్రియమైన తిర్సక్కకు,

నీ ఉత్తరం ఆల్మీరాకు చదివి వినిపించాను. జలగ దగ్గరికి వచ్చేసరికి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. "పెద్దమ్మ ఇంట్లో రొట్టె కొరికితే రొట్టే మనల్ని కొరుకుతుందా అమ్మా?" అంటుంది.

అది పావురం కాదు, బాతు. నాన్న పావురమే చెక్కాలనుకున్నారు. నేను కాదనను. కానీ వచ్చింది బాతు. ఆ ముక్కు చూడు, ఆ పిరుదు చూడు. పైగా నీకు పాలంటే చిన్నప్పటి నుంచీ రోత, వెన్న వాసనకే ముక్కు మూసుకుంటావు. అలాంటిదానికి అమ్మ వెన్న అచ్చు ఇచ్చి, వెన్న లేనిదే ముద్ద దిగని నాకు నీళ్ళకుండ ఇచ్చింది. పదకొండేళ్ళయింది, నేనేమన్నా అన్నానా? (అన్నాను. ఏటా అంటూనే ఉన్నాను.)

సరే, వస్తాం. ఇక్కడి ఇల్లు అక్టోబరు నెలాఖరుకి ఖాళీ చేయాలి. పడవ నడిపే గాంట్ దంపతులు అక్టోబరు పద్నాలుగున బయలుదేరుతున్నారు. వాబాష్ నది దాకా వాళ్ళతోనే.

అయితే అక్కా, ఒక్క మాట సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. గాంట్ గారి భార్య నిన్న నన్ను రేవు దగ్గర ఆపి, "వాబాష్ వైపా? పిల్లకి పాలు పట్టడానికి వాబాష్ వైపు తీసుకెళ్తున్నావా? నీకు మతి ఉందా తల్లీ? మా తమ్ముడి ఇంట్లో ముగ్గురు పోయారక్కడ" అంది. నాకు ఉన్నది ఒక్క పిల్ల. దాన్ని పాల కోసమే తెస్తున్నాను. మీ పొలంలో ఆ జబ్బు ఉందా, లేదా? 'వాగవతల' అని మాత్రం రాశావో, నేను వచ్చి నిన్ను ఆ వాగులోనే ముంచుతాను.

బావగారికి నమస్కారం. చేతులు కడుక్కోమను.

నీ చెల్లి,
దొర్కా

*

ఎల్మ్ వాగు
ఆగస్టు 30

ప్రియమైన చెల్లికి,

సూటిగా చెబుతున్నాను. మా పొలంలో లేదు. మా ఆరు ఆవుల్లో ఒక్కటి కూడా ఏనాడూ వణకలేదు. మీ బావ ఇప్పుడే ఉత్తరం లాక్కుని చూశారు. తానే రాస్తానన్నారు. ఇదిగో ఆయన చేతిరాత:

*వైద్యుడిగా చెబుతున్నాను. నా మంద ఆరోగ్యంగా ఉంది. పిల్లను తీసుకురండి. చేతులు కడుక్కున్నాను. — అ. ప్రూయిట్.*

చూశావుగా. సిరా మీద పడిన ఆ మరకేమిటో మాత్రం అడగకు.

కాబ్ సంగతి రాయాలి. రాయడానికే చెయ్యి వెనక్కి పోతుంది. ఆయన భార్య మాటిల్డాకు నెల మొదట్లో చలిజ్వరం వచ్చింది. ఏటా ఈ నది ఒడ్డున సగంమందికి వచ్చేదే. మీ బావ బెరడు కషాయం ఇచ్చి, ఒంట్లో బలానికి పాలు, వెన్న పెట్టమన్నారు. వాళ్ళ ఇంటి పాలు ఎలాంటివో నాకు తెలుసు కదా. అందుకని నేనే రోజూ రెండు పూటలా మా పాలు, రెండు రోజులకోసారి వెన్న పట్టుకెళ్ళాను. జ్వరం తగ్గింది. తర్వాత కక్కడం మొదలైంది.

దొర్కా, నేను డాక్టరు భార్యను. నేను చూడని కుళ్ళు లేదు. కానీ ఆ గదిలోకి వెళ్ళబోయి గడప దగ్గరే ఆగిపోయాను. మనిషి ఊపిరిలో పులిసిపోయిన ఆపిల్ రసం వాసన. అది పాల జబ్బు వాసన. ఒకసారి పీల్చినవాళ్ళు మరచిపోరు. బయటకు వచ్చేసరికి అరుగు మీద బకెట్టులో పాలు మూతపెట్టి ఉన్నాయి. అంటే, నేను ఎండలో మైలు దూరం నడిచి మంచి పాలు మోసుకొస్తుంటే, ఈ మనిషి చాటుగా తన విషం తన పెళ్ళానికే పోస్తున్నాడు! ఒక్క మాట మాట్లాడకుండా బకెట్టు ఎత్తి వాకిట్లో పారబోశాను. కాబ్ చూస్తూ నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. తప్పు చేసినవాడికి మాట ఎలా వస్తుంది?

ఆదివారం గుడి మెట్ల మీద అన్నాను. నా గొంతు నీకు తెలుసుగా, పక్కవాళ్ళకి కూడా వినపడదు. అయినా అందరూ విన్నారు. "ఆమోసు గారూ, మీ పొలంలో పాల జబ్బు ఉంది. ఉందని ఒప్పుకోండి. మీ భార్యను చంపుకోకండి." ఎవడి మొహం మీద వాడి భూమికి ఆ పేరు పెట్టడం ఇక్కడ తిట్టు కంటే పెద్ద తప్పు. ఆయన టోపీ చేతిలో పట్టుకుని నేల చూశాడు. "అలాగేనమ్మా" అన్నాడు. అంతే. ఆ 'అలాగేనమ్మా' వింటే నాకు ఇంకా అసహ్యం వేసింది.

ఇంట్లో సంగతులు. పాలు తాగే దూడ ఒకటి చచ్చిపోయింది, పురుగులని మీ బావ అన్నారు. ఈ ఎండలకు ఆయనకు వెన్న పడటం లేదట. నెల రోజులుగా రొట్టె మీద చెరకు పాకమే పోసుకుంటున్నారు. గడ్డమంతా జిగటే. ఈగలు వెంటబడి తిరుగుతున్నాయి. ఇలాంటివన్నీ భార్యలే చూడాలి.

గుర్రాల జీన్లు కుట్టే లాంబ్ గారు మీ ఊరు మీదుగా పోతున్నారు. ఆయన చేత ఆల్మీరాకు ఒక కుండ వెన్న పంపుతున్నాను. బాగా ఉప్పు వేసి, తడిగుడ్డ చుట్టి, పైన అమ్మ అచ్చు వేశాను. నువ్వు వచ్చేలోగానే పిల్ల తినడం మొదలుపెట్టనీ.

ప్రార్థనతో,
నీ అక్క తిర్సా

*

మారియెట్టా
సెప్టెంబరు 17

ప్రియమైన అక్కకు,

తొందరలో రాస్తున్నాను. సామాను కడుతున్నాను, ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు.

కుండ క్షేమంగా చేరింది. లాంబ్ గారు దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. బాతు ఈక కూడా చెదరలేదు. ఆల్మీరా తడిగుడ్డ తీసి చూసి చప్పట్లు కొట్టింది. దాని దగ్గు కూడా ఈ వారం కాస్త నెమ్మదించింది. "మీ అక్క పంపిన వెన్న మహిమే" అంటుంది పొరుగావిడ. నేనేమీ అనలేదు.

ఆ కాబ్ మనిషిని తలుచుకుంటే నాకూ ఒళ్ళు మండుతుంది. పెళ్ళాన్ని చంపుకుంటూ భూమి పేరు కాపాడుకుంటాడా? నువ్వు మెట్ల మీద అన్నది బాగుంది. నా అక్కకి నోరు వచ్చిందని తెలిసి ఊళ్ళో అందరికీ చెప్పాను.

మీ మాట మీదనే బయలుదేరుతున్నాను. అక్టోబరు పద్నాలుగు. మంచం మీద రెండు దుప్పట్లు వేసి ఉంచు.

నీ చెల్లి,
దొర్కా

*

ఎల్మ్ వాగు
సెప్టెంబరు 29

ప్రియమైన దొర్కా,

రావద్దు. పిల్లను తేవద్దు. ఆ కుండలో వెన్న పిల్ల నోట్లో పెట్టకు. పెట్టి ఉంటే ఇప్పుడే ఆపు. పందులకు కూడా వేయకు. లోతుగా పాతిపెట్టు. ఇదే ఉత్తరం రెండుసార్లు రాస్తున్నాను. ఒకటి టపాలో వేస్తున్నాను, ఒకటి మీ వైపు గుర్రం మీద పోయే మనిషి చేతికిస్తున్నాను. ఏది ముందు చేరితే అది చదువు. తర్వాత మిగతాది చదువు.

మాటిల్డా కాబ్ ఈ నెల ఇరవై మూడున పోయింది. చివరి రోజు దాకా నేను పాలు తీసుకెళ్ళాను.

సమాధి చేసిన నాలుగో రోజున, నా పాల గిన్నెలు తెచ్చుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమోసు పశువుల కొట్టం తలుపు బాగుచేస్తున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు గడప మీద కూర్చుని ఉన్నారు. ఆ పిల్లలకైనా ఏ పాలు పట్టకూడదో చెప్పాలని, "ఆమోసు గారూ, ఆ ఆవుల్ని ఇంకా పితుకుతున్నారా?" అన్నాను.

"ఏ ఆవులమ్మా?" అన్నాడు.

"మీ ఆవులు."

"జులైలోనే ఒట్టిపోయాయి కదమ్మా. పచ్చిక లేదు. అప్పటి నుంచి ఈ ఇంట్లో పాలచుక్క లేదు. మీరు తెచ్చినవే."

నాకు వెంటనే అర్థం కాలేదు. "మరి అరుగు మీద బకెట్టు? నేను పారబోసింది?"

"అవి మీరు పొద్దున తెచ్చిన పాలేనమ్మా. చల్లగా ఉంటాయని అక్కడ పెట్టాను. మీరు పారబోస్తుంటే లోపల మాటిల్డా ఏడ్చింది. డాక్టరమ్మ మోసుకొచ్చిన పాలు నేలపాలయ్యాయని."

పిల్లలు ఎలా బతికారని అడిగాను. "వాళ్ళకి పెట్టలేదు. మంచి పాలు కదా, జబ్బు మనిషికని దాచాం" అన్నాడు.

దొర్కా, ఆ మాట అతను కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను నిలబడగలిగేదాన్ని.

"మీకు అనుమానం రాలేదా?" అన్నాను. అతను సుత్తి పక్కన పెట్టాడు. "ఆ వాకిట్లో పాలు నాకిన పిల్లి మూడోనాడు చచ్చింది. వచ్చింది అనుమానం. కానీ మీ భూమిలో ఉందని మీ మొహాన ఎలా అంటానమ్మా? పైగా డాక్టరు గారు లేదని సంతకం పెట్టారు. డాక్టరు గారి రాత తప్పయి, మా పిల్లి చావు నిజమవుతుందా?"

"మా ఆవులు వణకలేదు" అన్నాను. ఇంకా అదే పట్టుకు వేలాడుతున్నాను, చూడు.

"పాలిచ్చే ఆవు వణకదట కదమ్మా. కెంటకీ నుంచి వచ్చిన ముసలాయన చెప్పాడు. విషమంతా పాలలోకి దిగిపోతుందట. దుక్కిటెద్దు వణుకుతుంది, ఒట్టిపోయిన ఆవు వణుకుతుంది, పాలు తాగే దూడ చస్తుంది. నా ఎద్దు మీ లోయలోకే పోయి మేసేది. అందుకే గుట్టుగా పాతిపెట్టాను. మీ పేరు బయటికి రాకూడదని."

దూడ. మా దూడ.

ఇంటికి నడిచి వచ్చాను. దారి పొడుగునా నా మెదడులో ఒకటే తిరుగుతోంది. నేను పాలు ముట్టను. మా ఇంట్లో వెన్న తినే మనిషి ఒక్కడే. ఆ ఒక్కడు ఆగస్టు మొదటి వారం నుంచి చెరకు పాకం పోసుకుంటున్నాడు.

ఇన్నేళ్ళూ మీ బావను 'ఆయన' అనే రాశాను. ఇక చెయ్యి రాయడం లేదు. దేవుడు చూస్తున్నాడు, నా తప్పుంటే ఆయనే చూసుకుంటాడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. రొట్టె కోశాను. ఈ వారం చిలికిన వెన్న మందంగా రాసి, పళ్ళెంలో పెట్టి ముందుకు జరిపాను. "తినండి" అన్నాను.

"ఆకలి లేదే."

"పొద్దున పాకంతో నాలుగు ముక్కలు తిన్నారుగా."

"ఎండకి వెన్న పడటం లేదన్నానుగా తిర్సా."

"చలి మొదలైంది. తినండి."

అతను పళ్ళెం వైపు చూశాడు. రొట్టె మీద పావురం సగం అచ్చు కనబడుతోంది. చేయి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. పళ్ళెం అవతలికి జరిపి, "దూడ పోయినప్పుడు అనుమానం వచ్చింది" అన్నాడు. "అనుమానమే. వైద్యుడు అనుమానం మీద ఊరు ఖాళీ చేయించలేడు. మూడు కుటుంబాలు నా సంతకం చూసి వచ్చాయి. ఖాయంగా తెలిశాక చెబుదామనుకున్నాను."

"మీ నోటికి మాత్రం అనుమానం చాలింది" అన్నాను.

గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోసాగాడు.

"నేను రోజూ రెండు పూటలా ఆ గిన్నెలు పట్టుకుని మీ ముందు నుంచే కదా వెళ్ళాను. గుమ్మం దాకా వచ్చి తలుపు కూడా మీరే తీసి పట్టుకున్నారు."

"జ్వరమే అనుకున్నాను."

"ఆల్మీరా వచ్చి ఉంటే?"

"దానికి పెట్టవద్దని నీకు చెప్పేవాణ్ణి."

ఈ మాట ఓదార్పు అనుకుని అన్నాడు దొర్కా. నా చెల్లి కూతురి సంగతైతే చెప్పేవాడట. మాటిల్డా నా చెల్లి కూతురు కాదుగా. కిటికీలో జలగల సీసా ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని చూసి ఒళ్ళు జలదరించేది. ఆ పూట అదే ఆ ఇంట్లో శుభ్రమైన వస్తువులా కనిపించింది. అది తాగేదేదో అందరికీ కనిపించేలా తాగుతుంది.

ఇవాళ ఆదివారం. సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. "మా పొలంలో పాల జబ్బు ఉంది. మాటిల్డా కాబ్‌ను చంపింది మా పాలు. ఆమోసు కాబ్ మీద నేను మెట్ల మీద వేసిన నింద అబద్ధం" అన్నాను. నా గొంతు నీకు తెలుసు. వెనక బెంచీ నుంచి చెవిటి హార్లన్ గారు, "ఏమంది? డాక్టరమ్మ ఏమంది?" అని అరిచారు. మళ్ళీ చెప్పాను. "ఏమిటీ?" అన్నారు. మూడోసారి, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను. "పాల జబ్బు! మా పొలంలో! మా పాలలో!" కొత్తగా వచ్చిన మూడు కుటుంబాల ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. బోధకుడి భార్య నా గౌను అంచు పట్టుకుని లాగి, "అంత గట్టిగా ఎందుకమ్మా, బయటివాళ్ళున్నారు" అంది.

సాయంత్రం హార్లన్ ముసలామె మళ్ళీ గడ్డ చూపించుకోవడానికి అతని దగ్గరికే వచ్చింది. ముప్పై మైళ్ళలో ఇంకో డాక్టరు లేడు. అతను ఆప్యాయంగానే చూశాడు. ఆమె "మీ చెయ్యి చల్లని చెయ్యి డాక్టరుగారూ" అంది. నేను ఆ పూట పితికిన పాలు పట్టుకెళ్ళి పెరట్లో గోతిలో పారబోశాను.

అతని మీద ఎంత రోత ఉందో, నా మీద అంతకన్నా ఎక్కువ ఉంది. అతను నోరు మూసుకున్నాడు. నేను స్వయంగా పోశాను, పోస్తూ ఆ పుణ్యం నాదనుకున్నాను, మైలు నడిచానని దేవుడికి కూడా లెక్క చెప్పుకున్నాను. ఇంకొకడి మెడ చూసి అసహ్యించుకున్నాను.

ఆవుల్ని లోయలోకి పోకుండా కట్టేశాను. రొట్టె చేసి బల్ల మీద పెట్టి కాబ్ ఇంటికి వెళుతున్నాను. వాళ్ళ పిల్లలకు వండిపెట్టేవాళ్ళు లేరు. మొదటి రోజు ఆమోసు తలుపు దగ్గర నిలబడి నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత పక్కకి జరిగాడు. అమ్మ అచ్చు పొయ్యిలో వేయబోయాను, చేయి రాలేదు. ఆ పిల్లలకిచ్చాను. బురదలో ఒత్తుకుంటున్నారు.

ఆల్మీరా తినిందా? ఒక్క మాట రాయి. ఎంత తినిందో రాయి. ఊపిరి వాసన చూశావా? ఆ జవాబు వచ్చేదాకా నేను ప్రార్థన కూడా చేయలేకపోతున్నాను. మోకరిస్తే నా నోటికి మాటిల్డా పేరే వస్తోంది.

నీ అక్క

*

మారియెట్టా
అక్టోబరు 13

నా ప్రియమైన అక్కకు,

ముందు ఇది చదువు. తినలేదు. ఆల్మీరా తినలేదు. వేలితో కూడా ముట్టలేదు. నా పక్కనే కూర్చుని బొమ్మ గౌనుకు కుట్లు వేస్తోంది.

గుర్రం మీద వచ్చిన ఉత్తరం నిన్న అందింది. రేవు దగ్గర, సామాను సగం పడవ మీద ఉండగా. గాంట్ గారి భార్య నా మొహం చూసింది. పెట్టెలు దింపడం మొదలుపెట్టింది.

ఎందుకు తినలేదో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పోయిన ఉత్తరంలో అందుకే దాటవేశాను. కుండ వచ్చిన రోజున కత్తి తీసుకుని నిలబడ్డాను. పైన అమ్మ అచ్చు. పదకొండేళ్ళ తర్వాత మా ఇంట్లోకి వచ్చింది. కత్తి పెడితే బాతు మెడ తెగుతుంది. రేపు కోద్దాంలే అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆల్మీరా ఏడ్చింది, "అమ్మా, పెద్దమ్మ నాకు పంపింది కదా" అంది. "చూడు, కానీ ముట్టకు" అని చేతి మీద కొట్టాను కూడా. జబ్బుపిల్ల నోటి దగ్గరిది చెక్కబొమ్మ మీద మోజుతో లాక్కునే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని నా మీద నాకే అసహ్యం వేసేది. నెల రోజులు ఆ అసహ్యంతోనే కుండ మీద గుడ్డ తడుపుతూ వచ్చాను. ఆ పాడు బుద్ధే దాన్ని కాపాడిందని ఇప్పుడు ఎవరికి చెప్పుకోను? దేవుడికి కృతజ్ఞత చెప్పబోతే నవ్వొస్తోంది, వెంటనే ఏడుపొస్తోంది.

మాటిల్డాకు ఏ అచ్చూ అడ్డం రాలేదు. అది నాకు తెలుసు. నిన్ను ఓదార్చను. నువ్వు గుడిలో మూడుసార్లు చెప్పిన దాని ముందు నా ఓదార్పు ఎంత? ఆమోసు గారిని నేనూ తిట్టాను, ఊళ్ళో అందరి దగ్గరా తిట్టాను. ఇప్పుడు గడపగడపకీ వెళ్ళి తిరగ చెబుతున్నాను. నిన్న నాలుగిళ్ళు అయ్యాయి.

బావ గురించి నేనేమీ రాయను. ఆయన చేతిరాత ఉన్న ఉత్తరం నా దగ్గరుంది. 'చేతులు కడుక్కున్నాను' అన్నది. దాన్ని గాంట్ గారికి ఇస్తున్నాను. పడవ దిగి వాబాష్ వైపు వెళ్ళే ప్రతి తల్లికీ జరిగింది చెప్పి, అది చదివి వినిపిస్తానన్నారు.

ఇల్లుగలాయన చలికాలం దాకా ఉండనిస్తానన్నాడు. ఆ పిల్లలు నిలదొక్కుకున్నాక నువ్వు రా. నీ మంచం మీద రెండు దుప్పట్లు నేనే వేసి ఉంచుతాను.

కుండ సంగతి. నువ్వన్నట్టే పెరట్లో నడుము లోతు గొయ్యి తవ్వించాను. చివరి క్షణంలో కూడా కత్తి పెట్టలేకపోయాను. అందుకని కుండ గోతిలో దింపి, కాగు నిండా మరిగే నీళ్ళు పోశాను. వెన్న అంచులు కరిగి, అచ్చు ఉన్న పైముక్క ఊడి పైకి వచ్చింది. ఆల్మీరా, నేను గోతి అంచున నిలబడి చూశాం. ముక్కు, మెడ, పిరుదు, అన్నీ ఉన్నాయి. కరిగిపోయే ముందు కాసేపు అలా చుట్టూ తిరిగింది, మునగలేదు.

నాన్న చెక్కింది పావురమని ఇన్నేళ్ళు వాదించావు అక్కా. బాతే. ఈదింది.

నీ చెల్లి,
దొర్కా